మైకుగారి చదువు

ఆ బస్టాండులో అడుగుపెట్టిన ప్రతివాళ్లకీ ఆయన గొంతు తెలుసు. ఆ గొంతు చదివిందేమిటో ఆయనొక్కడికే తెలియదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆయన భార్య. కనిపెట్టిన పాపానికి ఇన్నేళ్లుగా అనుభవిస్తున్నదీ ఆవిడే.

బస్టాండు మేడమీద ఒక అద్దాల గది ఉంది. అందులో ఒక కుర్చీ, ఒక మైకు. ఏ బండి ఎక్కడ ఆగుతుంది, ఏది ఆలస్యం, ఏది రద్దు అని కింద ఆఫీసు నుంచి కాగితం వస్తుంది, ఆయన చదువుతాడు. బండి రద్దయిందని చెప్పినా పెళ్లిపిలుపు విన్నట్టుంటుంది. తిట్టుకోబోయేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి, విని, ఆ తర్వాతే తిట్టుకుంటారు. అక్కడి పనివాళ్లు ఆయన్ని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. మైకుగారు అంటారు. అదో బిరుదన్నట్టు ఆయన కూడా తల పంకిస్తాడు.

భార్య రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఆవిడని అందరూ కౌంటరమ్మ అంటారు. ఆ పిలుపులో బిరుదు లేదు, రోజంతా తలనొప్పి ఉంది. రేపు పొద్దున ఖాళీ కడుపుతో రండి అని చెప్తుంది. అలాగేనమ్మా అని తల ఊపి వెళ్లినవాడు మర్నాడు మూతి తుడుచుకుంటూ వచ్చి, "కాఫీ ఒక్కటే తాగానండీ, ఏమీ తినలేదు" అంటాడు. ఇలాంటివాళ్లతో వేగలేక ఆవిడ ఒక అలవాటు చేసుకుంది. చెప్పవలసింది చెప్పాక చీటీ వెంటనే ఇవ్వదు. చేతిలోనే గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు నేనేం చెప్పానో మీరు చెప్పండి" అంటుంది. అప్పటిదాకా బుద్ధిగా తల ఊపిన మనిషి నీళ్లు నములుతాడు. మళ్లీ చెప్తుంది, మళ్లీ చెప్పమంటుంది. వెనక నిలబడ్డవాళ్లు గొణిగినా ఆవిడకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

బయట ఇంతమందిని దారికి తెచ్చిన మనిషికి ఇంట్లో మొగుడు లొంగలేదు. అదే ఆవిడ బాధ.

ఒకసారి ఆవిడ అక్కగారింటి నుంచి తిరిగొస్తోంది. చేతుల్లో రెండు సంచులు, చంకలో పరుపుచుట్ట. బండి బస్టాండులోకి తిరుగుతూండగానే ఆయన గొంతు వినబడింది. ఫలానా బండి మూడో ప్లాట్‌ఫారానికి బదులు ఏడో ప్లాట్‌ఫారానికి వచ్చుచున్నది, ప్రయాణికులు గమనించగలరు అని తేనె పోసినట్టు చెప్పాడు. ఆవిడ ఏడులో దిగింది. ఆయన డ్యూటీ అయిపోయే వేళే కదా, దిగివచ్చి సామాను అందుకుంటాడని నిలబడింది. ఎంతసేపు చూసినా మనిషి లేడు. చేతులు పడిపోతున్నాయి. చివరికి సామాను ఈడ్చుకుంటూ వెతుక్కుంటూ వెళ్తే, మూడో ప్లాట్‌ఫారం దగ్గర మెడ సాచి దారి చూస్తూ కనిపించాడు.

"ఇక్కడేం చేస్తున్నారండీ?"

"నీకోసమే! మూడుకి కదా రావాలి నీ బండి?"

"ఏడుకి మార్చారు కదా!"

"ఎవరు చెప్పారు?"

"మీరే!"

"నేనా? నేనెప్పుడు చెప్పానే?" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ పరుపుచుట్ట ఆయన నెత్తిన పెట్టి ముందుకు నడిచింది.

ఇంట్లో అత్తగారి పక్షం వేరు. ఆవిడకి చూపు మందగించింది. సాయంత్రం కాగానే కొడుకు పక్కన కూర్చుని వారపత్రికలో సీరియల్ చదవాలి, ఆవిడ కళ్లు మూసుకుని వినాలి. ఆ ఇంటికి వినోదం అంతవరకే. పాత్రకొక గొంతు పెట్టి ఆయన చదువుతుంటే పై వాటా వాళ్లు కూడా మెట్ల మీద కూర్చుంటారు. ఒకరోజు మధ్యలో అత్తగారికి కునుకు పట్టింది. లేచి, "ఒరే, ఇంతకీ ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లిందా, ఉండిపోయిందా?" అని అడిగింది.

"నాకెలా తెలుస్తుందమ్మా? నేను చదువుతున్నాను కదా" అన్నాడాయన.

వంటింట్లో ఉన్న కోడలు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆయన్ని ఎగాదిగా చూసింది. అత్తగారు మాత్రం, "పాపం, చదివేవాడికి వినే తీరికెక్కడుంటుందే" అని కొడుకుని వెనకేసుకొచ్చింది. ఆ రోజే కౌంటరమ్మకి అర్థమైంది. ఈయన కంటికీ నోటికీ మధ్య దారి తిన్నగా ఉంది, బుర్ర ఆ దారిలో పడదు.

ఇన్నాళ్లూ దీనివల్ల ఇబ్బందేమీ రాలేదు. వచ్చినా నెత్తిన పరుపుచుట్ట, అంతే. ఇప్పుడు వచ్చింది. బస్టాండులో ప్రకటనలన్నీ ముందే రికార్డు చేసి యంత్రంతో వేయబోతున్నారు. అద్దాల గది మూసేస్తారు. అందులో పనిచేసేవాళ్లు రాతపరీక్ష పాసైతే అదే బస్టాండులో కంట్రోల్ రూముకి మారుస్తారు. తప్పితే ఎక్కడో రోజంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేని డిపోలో సామాన్ల గిడ్డంగికి పంపుతారు. ఆవిడ ల్యాబు ఉద్యోగం ఇక్కడ. అత్తగారికి వైద్యం ఇక్కడ, ఏ గోడ ఎక్కడుందో చేతికి అలవాటైన ఇల్లూ ఇక్కడే. ఆయన అక్కడా, వీళ్లిక్కడా. పరీక్ష పోతే సంసారం రెండు ముక్కలవుతుంది.

పోనీ పరీక్ష లెక్కలా అంటే కాదు. చదవడమే. కంట్రోల్ రూము నిబంధనల పుస్తకం ఒకటి ముందే ఇచ్చారు. అందులోంచీ, అలాంటి రాతల్లోంచీ పేజీలకి పేజీలు ఇచ్చి, చదివి ప్రశ్నలకి జవాబు రాయమంటారు.

"చదవడమేగా!" అన్నాడాయన, ఉద్యోగం చేతికొచ్చినంత ధీమాగా. "నా పనే అది."

ఆవిడ గుండెల్లో రాయి పడింది.

మొదటి సాయంత్రం ఆయన కుర్చీ జరుపుకుని, గొంతు సవరించుకుని, పాడైన బండ్ల అధ్యాయం మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివాడు. పై వాటా వాళ్లు సీరియలేమో అనుకుని మెట్ల మీదకి వచ్చారు. బ్రేకులు పనిచేయని బండిని వెంటనే నిలిపివేయవలెను అన్నచోట ఆయన గొంతు ఎంత గంభీరంగా పలికిందంటే అత్తగారు కళ్లు ఒత్తుకుంది. అంతా అయ్యాక కౌంటరమ్మ పుస్తకం లాక్కుంది.

"బ్రేకు పోయిందని డ్రైవరు ఫోను చేస్తే మీరు ముందు ఎవరికి చెప్పాలి?"

ఆయన కాసేపు ఇంటి కప్పు చూశాడు. తర్వాత ఆశగా ఆవిడ వైపు తిరిగి, "బాగానే చదివాను కదా?" అన్నాడు.

సరే, గొంతు వల్లే కొంప మునుగుతోంది, చేతికి పని చెబుదాం అనుకుంది ఆవిడ. మర్నాడు ఒక ఎర్ర పెన్సిల్ కొని తెచ్చి, ముఖ్యమైనవాటి కింద గీతలు గీయండి అని ల్యాబుకి వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే పుస్తకం దెబ్బలు తగిలిన ఒంటిలా ఎర్రగా ఉంది. గీత లేని వాక్యం లేదు. అధ్యాయం పేరు కింద గీత, పేజీ నంబరు కింద గీత, ముద్రించిన ప్రెస్సు చిరునామా కింద కూడా గీత.

"ఇదేంటండీ?"

"ముఖ్యమైనవాటి కింద గీయమన్నావుగా."

"ప్రెస్సు చిరునామా ముఖ్యమా?"

"ఏమో, అడిగితే? ఏది ముఖ్యమో తెలిసినవాడికైతే ఈ గీతలన్నీ ఎందుకే?"

ఈ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది. పెన్సిల్ తీసి గోడకేసి కొట్టింది. అది మంచం కిందకి దొర్లిపోయి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన ఊరుకున్నాడా అంటే, లేదు. మనిషి బద్ధకస్తుడు కాదు. అదీ ఆవిడకి వచ్చిన చిక్కు. బద్ధకస్తుడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఈయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, పుస్తకం ముందు కూర్చుని బట్టీ పట్టాడు. వారం తిరిగేసరికి మొదటి అధ్యాయాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆవిడ కాస్త సంతోషించి, ప్రయాణికుడికి దారిలో ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలి అని అడిగింది. ఆయన కళ్లు మూసుకుని మొదటి అధ్యాయం మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు.

"మొదటి నుంచీ ఎందుకండీ?"

"అడ్డురాకు! అక్కడికి రావాలంటే ఇక్కణ్నుంచే వెళ్లాలి."

"దారిలో మనిషి ఒంట్లో బాగోక కొట్టుకుంటుంటే మీరు ముందుమాట నుంచి మొదలుపెడతారా?"

"మరి ఆ ముక్క ఎక్కడుందో ఎలా తెలుస్తుందే?" అని ఆయన కూడా విసుక్కున్నాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ కౌంటరులో చేసే పనే ఇంట్లో మొదలుపెట్టింది. గొంతు బంద్. పెదవులు కదలకూడదు. ఒక్క పేరా చదవాలి, పుస్తకం మూయాలి, అందులో ఏముందో మామూలుగా, వీధిలో ఎవరికో చెప్పినట్టు చెప్పాలి. ఆ తర్వాతే రెండో పేరా.

ఆయన పేరా చదివాడు. పెదవులు కదిలినప్పుడల్లా ఆవిడ స్కేలుతో బల్ల మీద కొట్టింది. పుస్తకం మూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. రోజంతా ఊరుకోకుండా మాట్లాడే ఉద్యోగంలో ఉన్న మనిషి, ఎదురుగా కాగితం లేకపోయేసరికి రెండు ముక్కలు చెప్పలేక చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాడు.

"చెప్పండి. ఎలాగోలా చెప్పండి. తప్పైనా ఫరవాలేదు."

"మధ్యలో ఆగిపోతానే."

"ఆగండి! ఆగితే ఏమవుతుంది?"

"జనం పరిగెడతారు" అన్నాడాయన.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. ఏ జనం, ఈ ఇంట్లో ఉన్నదెవరు అని కసిరింది. అప్పుడు చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ప్రకటన చదువుతూ, ఇదేమిటిది అని ఒక్క క్షణం ఆగాడట. బండి వచ్చేసిందనో, పోయిందనో, ఎవరేమనుకున్నారో తెలియదు, కింద జనం ఒక్కసారిగా కదిలారు. తోపులాటలో ఒక ముసలాయన పడిపోయాడు. ఈయన అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు, చేతిలో మైకు ఉంది, ఏం చెప్పాలో కాగితంలో లేదు. ముసలాయన్ని లేపి కూర్చోబెట్టారు, పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అప్పటి సూపర్‌వైజరు మాత్రం పైకొచ్చి, మైకు ముందు ఆలోచన పెట్టుకోకు, ఆగావంటే మనుషులు చస్తారు, ఇచ్చింది చదువు, అంతే, అన్నాడు. ఆ రోజు నుంచీ ఆగలేదు.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?"

"నువ్వెప్పుడూ అడగలేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషికి బుర్ర లేదనుకుందే గానీ, బుర్రకి ఎవరో గట్టిగా తాళం వేశారని ఆవిడకి తోచలేదు. జాలేసింది. వెంటనే జాలి మీద కూడా విసుగొచ్చింది. ఎందుకంటే పరీక్షకి ఇక ఎంతో వ్యవధి లేదు, ఈ తాళం ఆ సూపర్‌వైజరు వేసిపోయాడు, తీయవలసిన ఖర్మ తనకి పట్టింది.

ఆ మర్నాడు ఆవిడ పద్ధతి తిరగేసింది. ముందు పేరా కాదు, ముందు ప్రశ్న. వంటింటి గుమ్మాన్ని ఎంక్వయిరీ కిటికీ అనుకోమంది. తను ప్రయాణికురాలు. చంకలో సంచితో వచ్చి, "ఏమయ్యా, నా బండి గంట నుంచీ లేదు, టిక్కెట్టు డబ్బులు ఇస్తావా, వేరే బండి ఎక్కిస్తావా?" అని దబాయించింది. ఆయనకి ఇలాంటిది అలవాటు లేదు. అద్దాల వెనక ఉన్నవాడిని ఎవరూ ఎదురు అడగరు. గాభరాగా పుస్తకం తిరగేశాడు. ఈసారి ఆయన కన్ను పేజీ మీద జారిపోలేదు. ఒకచోట ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. "ఉండు... ఆలస్యం గంట దాటితే... ఆ, వేరే బండిలో చోటుంటే ఎక్కించాలి, లేకపోతే డబ్బులు" అన్నాడు తడబడుతూ. ఆ గొంతులో తేనె లేదు, గాంభీర్యం లేదు. జీరపోయింది కూడా. కౌంటరమ్మ చెవికి అంత కమ్మటి మాట ఈ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు.

అత్తగారు ఊరుకుంటుందా. గోడ పట్టుకుని వచ్చి తనూ కిటికీ ముందు నిలబడింది. ఆవిడంత మొండి ప్రయాణికురాలు ఏ బస్టాండులోనూ దొరకదు. "ఒరే బాబూ, బండిలో నా మంచినీళ్ల సీసా మర్చిపోయాను. మా కోడలికి తెలిస్తే చంపేస్తుంది."

"అమ్మా, ఇలాంటివి పరీక్షలో అడగరే."

"సీసా నాది, నీకేం పోయింది? వెతుకు!"

వెతికాడు. పోయిన సామాన్ల గురించి ఒక పేరా నిజంగానే ఉంది. అది చదివి, పుస్తకం మూసి, "ఏ బండో చెప్పమ్మా, డ్రైవరుకి ఫోను చేస్తాను, దొరికితే తిరుగు బండిలో వస్తుంది" అన్నాడు. అత్తగారు, "బతికించావు నాయనా" అని సీసా దొరికినంత సంబరంగా వెళ్లి కూర్చుంది. కోడలు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

అలా కొన్నాళ్లు సాగింది. ప్రతి పేరా పక్కనా ఒక్క మాట రాయాలి, అదీ పుస్తకంలో లేని మాట, ఆయన సొంత మాట. మొదట్లో పేరాలోని మొదటి పదమే రాసి చీవాట్లు తిన్నాడు. పోను పోను 'ముందు బండి ఆపు, తర్వాతే ఫోను' అనీ, 'వీళ్లు చెప్పేదాకా కదలకూడదు' అనీ రాశాడు. ఒకచోట 'ఇది పైన చెప్పినదానికి అడ్డం వస్తోందే?' అని రాసుకున్నాడు. ఆ మాట చూసి ఆవిడ ఏమీ అనలేదు గానీ, ల్యాబులో ఆ రోజు ఇద్దరిని మళ్లీ చెప్పమనకుండానే చీటీలు ఇచ్చేసింది.

అంతా బాగుందనుకుంటే పరీక్షకి ముందురోజు మళ్లీ మొదటికొచ్చింది. పొద్దున్న స్నానాలగదిలోంచి ఆ గొంతు. నీళ్ల చప్పుడు మీంచి నిబంధనలన్నీ ఖంగున మోగుతున్నాయి. భయమేసి పాత అలవాటులోకి దూరిపోయాడు. వారాల తరబడి పడిన పాట్లన్నీ బకెట్టు నీళ్లలో కొట్టుకుపోతున్నట్టు అనిపించి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు దబదబా బాదింది.

"బయటికి రండి! నేను కాపురం చేస్తున్నది మనిషితో కాదు, స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరుతో! పోండి, ఆ గిడ్డంగికే పోండి, అక్కడ డబ్బాలకి వినిపించుకోండి!"

గొంతు ఠక్కున ఆగిపోయింది. నీళ్లు కూడా ఆగాయి. అత్తగారు మంచం మీద నుంచి, "అంత మాట అనకూడదే అమ్మాయ్" అంది మెల్లగా, పోట్లాట లేకుండా. అదే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది. అన్నందుకు ఏడుపొచ్చింది. తుడుచుకుని కూరగాయల పళ్లెం ముందేసుకుని కూర్చుంది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇంకో కత్తి తీసుకుని తనూ తరగసాగాడు. ఆవిడ మొహం చూడకుండా, ముక్క ముక్కకీ ఆగుతూ, మొదలుపెట్టాడు. "రోడ్డు మూసేశారనుకో. బండి బయల్దేరకముందైతే... మనమే ఆపాలి. బయల్దేరిపోతే డ్రైవరుని దారి మళ్లించాలి. మళ్లించాక... ఉండు... ఆ, మళ్లించాక అవతలి బస్టాండుకి చెప్పాలి, లేకపోతే వాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. మూడో ప్లాట్‌ఫారంలో నాలాగా."

ఆవిడ తలెత్తలేదు. "ముక్కలు అంత లావుగా తరిగితే ఉడికిచావవు" అంది. ఇద్దరికీ అక్కడితో రాజీ అయిపోయింది.

పరీక్షరోజు ఆవిడ సెలవు పెట్టి హాలు బయట కాపలా కాసింది. అందరూ బయటికి వచ్చేశాక ఆయన చివర్న వచ్చాడు.

"అన్నీ రాశారా?"

"చివరి పేజీ వదిలేశానే. టైమైపోయింది."

"టైమెందుకు అయిపోయింది?"

"ప్రతి పేరాకీ ఆగాను కదా. నువ్వు ఆగమన్నావుగా."

నడివీధిలో ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. ఆగమంటే పడుకోమన్నానా అని మొదలుపెట్టి ఇంటిదాకా ఆపకుండా తిట్టింది. ఇల్లు చేరాక ఆయన, "ఇప్పటిదాకా నువ్వన్నది రెండు ముక్కల్లో చెప్పనా?" అన్నాడు. చెప్పొద్దంది.

ఫలితం ఆ తర్వాత వచ్చింది. చివరి పేజీ తెల్లగా వదిలేసినా, రాసినంతవరకూ నిక్కచ్చిగా ఉండడం వల్ల ఆయన ఒడ్డునపడ్డాడు. కంట్రోల్ రూములో చేరాడు, సంసారం ఒక్కచోటే ఉంది, అత్తగారి సీసాలు భద్రంగా ఉన్నాయి. అంతా మంచిదే. కానీ కౌంటరమ్మని అడిగితే, ఆ ఫలితానికి కొన్నాళ్ల ముందే తనకి అసలు ఫలితం తెలిసిపోయిందంటుంది.

అద్దాల గదిలో యంత్రం బిగించే పని అప్పటికి పూర్తికావచ్చింది. ఆయనకి అవే చివరి డ్యూటీలు. పరీక్షైన కొన్నాళ్లకి ఒక సాయంత్రం ల్యాబు నుంచి నేరుగా వచ్చి, ఆయనతో కలిసి ఇంటికి వెళ్దామని ఆవిడ నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర బెంచీ మీద కూర్చుంది. రోజంతా ఖాళీ కడుపు గొడవతో అలిసిపోయి ఉంది. పరీక్ష పోయినట్టేనని మనసులో తీర్మానించేసుకుంది కూడా. ఆయన లేకుండా సాయంత్రాలు ఎలా గడుస్తాయా, అత్తగారికి సీరియల్ ఎవరు చదువుతారా అని ఆలోచిస్తోంది. పైనుంచి ఆ గొంతు ఎప్పటిలాగే కురుస్తోంది. మరమ్మతుల వల్ల వంతెన ఈ సాయంత్రం నుంచి మూసివేయబడినది, ప్రయాణికులు గమనించగలరు అంది. జనం విన్నారు. ఆవిడా వింది. ఆ తర్వాత ఇంకేవేవో బండ్లు చెప్పింది. ఆ తర్వాత, వంతెన మీదుగా వెళ్లు బండి నాలుగో ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు, అంది.

అంతే. ఆగిపోయింది.

బస్టాండు మొత్తం తలెత్తి స్తంభాల కేసి చూసింది. అమ్మేవాళ్లు అరుపులు ఆపారు. ఎదురుగా నాలుగో ప్లాట్‌ఫారంలో బండి నిండా జనం, ఇంజను ఆడుతోంది. కౌంటరమ్మ, కళ్లు తిరిగి పడిపోయాడా, ఏమైనా అయిందా అని లేచి నిలబడి మేడ వైపు చూసింది. అద్దం వెనక ఆయన నిలబడే ఉన్నాడు. ఒక చేతిలో ఇప్పటి కాగితం, రెండో చేతిలో ఇందాకటి కాగితం. పెదవులు కదలడం లేదు.

అంతలో జనం కదలబోయారు. అప్పుడు మైకులోంచి ఒక గొంతు వచ్చింది. బస్టాండులో ఎవరూ ఎప్పుడూ విననిది. కాస్త జీరపోతూ, తడబడుతూ, వంటింటి గుమ్మంలోంచి వచ్చినట్టున్న గొంతు.

"ఎవరూ పరిగెత్తకండి. ఒక్క నిమిషం... వంతెన మూసేశారని ఇందాక నేనే చెప్పాను. మరి ఈ బండి ఎలా వెళ్తుంది? ఉండండి, అడిగి చెప్తాను. డ్రైవరుగారూ, మీరు కాసేపు కదలకండి."

బండి ఇంజను ఆగింది. జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ పడలేదు. వంతెన మాటా, బండి మాటా అందరి చెవుల్లోనూ పడ్డవే. ఆవిడ చెవిలోనూ పడ్డాయి. ఆయన ఆగేదాకా ఆవిడకి కూడా తట్టలేదు. బెంచీ వీపు పట్టుకుని నిలబడింది. కళ్లు మసకబారి మేడమీద అద్దం సరిగ్గా కనబడలేదు.

పక్కన సంచి దించి నిలబడ్డ పెద్దమనిషి స్పీకరు కేసి చూసి మూతి విరిచాడు.

"ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు, మధ్యలో ఆగిపోవడమేంటమ్మా? ఈయనకి చదవడం రాదా ఏంటి?"

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇప్పుడే వచ్చిందండీ" అంది.